డ్రిల్లు బ్యాటరీతో కారు స్టార్టవుతుందా?

ప్రశ్న: చలికాలం పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్‌టక్‌మంటుందే తప్ప ఇంజిన్ తిరగదు. 18 వోల్టుల డ్రిల్లు బ్యాటరీ నేరుగా తగిలించి కారు స్టార్ట్ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, జయపురం (కోరాపుట్ జిల్లా)

జవాబు: నేరుగా మాత్రం వద్దండి. ఫుల్ ఛార్జిలో అందులో 21 వోల్టులుంటాయి, మీ కారు 12 వోల్టులది. పైగా సెల్ఫ్ మోటారు వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది. డ్రిల్లు బ్యాటరీ ప్యాక్ లోపలి సన్నటి నికెల్ పట్టీలు ఆ వేడికి ఆగవు.

దాని బదులు, ఆ ప్యాక్‌తో డౌన్ అయిన కారు బ్యాటరీకే కాస్త ఛార్జి ఎక్కించండి. వోల్టేజీ, కరెంటు రెండూ సెట్ చేసుకునే బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే పరికరం) కొని, ప్యాక్‌కీ కారు బ్యాటరీకీ మధ్య పెట్టి, మల్టీమీటరు పెట్టి 14.4 వోల్టులకు, 8 ఆంపియర్లకు తిప్పుకోండి. ప్యాక్ ప్లస్ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది. కన్వర్టర్ నుంచి వచ్చే ఎర్ర క్లిప్ కారు బ్యాటరీ ప్లస్‌కి. నల్లది ఆఖర్న, బ్యాటరీకి దూరంగా, పెయింటు లేని ఇంజిన్ లోహానికి. బ్యాటరీ మీద హైడ్రోజన్ పేరుకుని ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది.

పావుగంట ఆగండి. ముందు క్లిప్పులు, తర్వాత ప్యాక్ తీసేశాకే సెల్ఫ్ కొట్టండి. 5 ఆంపియర్-అవర్ ప్యాక్‌లో మూడో వంతు ఖర్చవుతుంది. ప్యాక్ 15 వోల్టులకు పడితే ఆపేయాలి; కొన్నింటిలో ఛార్జి బాగా తగ్గితే దానంతటదే ఆపేసే కటాఫ్ డ్రిల్లులోనే ఉంటుంది, ప్యాక్‌లో ఉండదు.

క్లిప్పులు తీశాక కూడా కారు బ్యాటరీ 10.5 వోల్టుల దగ్గరే నిలిస్తే ఒక సెల్ షార్టయినట్టు. దానికి కొత్త బ్యాటరీయే.