పెద్దవాళ్ళనీ పిల్లలనీ తీసుకుని కరీబియన్ వెళ్ళాలంటే ఏ దీవి మంచిది?

మీ ప్రశ్న ఇదీ: డల్లాస్‌లో ఉంటున్నారు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి అత్తమామలు వచ్చి ఉన్నారు. డిసెంబరు సెలవుల్లో వారం రోజులు కరీబియన్ వెళ్ళాలి. పెద్దవాళ్ళు మాంసం, గుడ్డు ముట్టరు, ఇంట్లో ఎవరికీ ఈత రాదు. ఏ దీవికి వెళ్ళాలి, తిండి మాటేమిటి, వీసా ఏమైనా కావాలా?

మేం న్యూజెర్సీలో ఉంటాం, మా ఇంటి పరిస్థితి దాదాపు ఇదే. 2019లో పోర్టోరికో, 2023 డిసెంబరులో ట్రినిడాడ్, 2025 ఏప్రిల్‌లో బార్బడోస్ వెళ్ళొచ్చాం. నన్నడిగితే ట్రినిడాడ్ అంటాను. మా ఆయన ఒప్పుకోరు. "కరీబియన్ వెళ్ళి కూరగాయల మార్కెట్ చూసొచ్చింది మనమే" అని ఇప్పటికీ దెప్పుతుంటారు. ఆయన ఓటు బార్బడోస్‌కి. ఇద్దరి మాటా చెప్తాను, మీరే తేల్చుకోండి.

ముందు వీసా సంగతి. ట్రినిడాడ్, బార్బడోస్, జమైకా ఈ మూడింటికీ భారత పాస్‌పోర్టు ఉంటే టూరిస్టుగా ముందస్తు వీసా అక్కర్లేదు. (రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనేముందు ఆ దేశం వెబ్‌సైట్ ఒకసారి చూడండి.) అసలు టెన్షన్ వెళ్ళడంలో లేదు, తిరిగి అమెరికాలోకి రావడంలో ఉంది. మీరు హెచ్‌-1బీ మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు అయిపోయి ఉంటే ఈ దీవుల జోలికి వెళ్ళకండి. స్టాంప్ లేకపోయినా ఐ-94 (అమెరికాలో దిగినప్పటి ప్రవేశ రికార్డు) చూపించి నెలలోపు తిరిగి రావచ్చని ఎవరో ఒకరు చెప్తారు. హెచ్‌-1బీ వాళ్ళకి ఆ వెసులుబాటు కెనడా, మెక్సికోలకే. కరీబియన్ దీవులకు అది ఎఫ్, జే వీసాల (విద్యార్థులు, ఎక్స్‌ఛేంజ్ మీద వచ్చినవాళ్ళు) వాళ్ళకే వర్తిస్తుంది, అదీ క్యూబా మినహాయించి. 2019లో మా ఆయన స్టాంప్ గడువు అయిపోయి ఉంది కాబట్టే పోర్టోరికో వెళ్ళాం. అది అమెరికా భూభాగం, ఇమిగ్రేషన్ లైను లేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం పళ్ళు, మొక్కలు ఉన్నాయేమోనని సామాను స్కాన్ చేశారు.

పోర్టోరికో గురించి రెండు ముక్కలు. ఓల్డ్ శాన్ హువాన్‌లో ఎల్ మోర్రో కోట, ఆ పచ్చిక మీద పిల్లలు గాలిపటాలు ఎగరేయడం బాగుంది. ఎల్ యూంకే అడవీ బాగుంది. తిండి దగ్గర ఇబ్బంది పడ్డాం. చూడ్డానికి రాజ్మా అన్నంలా ఉన్నదాంట్లో కూడా చాలాచోట్ల పంది మాంసం వేసి ఉడికిస్తారు. మా అత్తయ్యగారు నాలుగు రోజులు అరటికాయ వేపుళ్ళ మీదే గడిపారు. ఇంకొకటి మా తెలివి. ఫహార్దో దగ్గర రాత్రిపూట నీళ్ళు మెరిసే మడుగు ఉంటుంది. నీళ్ళలోని సూక్ష్మజీవులు కదలిక తగలగానే నీలంగా వెలుగుతాయి. అది చీకటి రాత్రుల్లోనే బాగా కనిపిస్తుంది. మేం సరిగ్గా పౌర్ణమి నాడు బుక్ చేశాం. పంచాంగం చూసే అలవాటున్న మనిషి ఇంట్లోనే ఉన్నా ఒక్క మాట అడగలేదు.

ఇక ట్రినిడాడ్. న్యూయార్క్ నుంచి నేరుగా వెళ్తే అయిదు గంటలు. మీరు మయామీలోనో హ్యూస్టన్‌లోనో మారాలి. అక్కడ జనాభాలో మూడో వంతుకు పైగా భారత సంతతి వాళ్ళు. 1845 మే 30న 'ఫతేల్ రజాక్' అనే ఓడలో మొదటి కూలీలు దిగారు. చెరకు తోటల కోసం తెచ్చారు వాళ్ళని. ఈ ఒప్పంద కూలీల రవాణా 1917 దాకా సాగింది, మొత్తం మీద దాదాపు 1,44,000 మంది వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి ఓడ ఎక్కిన భోజ్‌పురి, అవధీ మాట్లాడేవాళ్ళు. కొందరు మద్రాసు రేవు నుంచి. ఆ మద్రాసు వాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇదంతా వెళ్ళకముందు చదివినదే. చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు.

అక్కడ చగువానాస్ అనే ఊరి మార్కెట్లో ఆకుకూరలు అమ్మే పెద్దావిడ ముందు మా అత్తయ్యగారు ఆగిపోయారు. కరివేపాకు కట్ట చేతిలోకి తీసుకుని, నాకేసి తిరిగి "దీన్ని వీళ్ళేమంటారో అడుగు" అన్నారు. అడిగాను. ఆవిడ "కరపులే" అంది. తమిళంలో కరువేప్పిలై అన్న మాట అరిగి అరిగి అలా మిగిలింది. మీ వాళ్ళది ఏ ఊరు అని అత్తయ్యగారు నా చేత అడిగించారు. ఊరు తెలియదు, మద్రాసు అని మాత్రం విన్నానంది. ఇద్దరికీ ఒక భాష లేదు. ఆవిడది ట్రినిడాడ్ ఇంగ్లీషు, నాకే సగం అర్థమయ్యేది. అయినా పావుగంట నిలబడ్డారు. చివరికి ఆవిడ కరివేపాకుకి డబ్బులు తీసుకోలేదు, అత్తయ్యగారు బ్యాగులోంచి కుంకుమ పొట్లం తీసి ఇచ్చారు. మా ఆయన దెప్పే కూరగాయల మార్కెట్ ఇదే.

తిండి విషయంలో మీ అత్తమామలకి ఇక్కడ దిగులు లేదు. పొద్దున్నే రోడ్డు పక్కన 'డబుల్స్' అమ్ముతారు. పసుపు కలిపిన మెత్తటి పూరీలు రెండు, మధ్యలో శనగల కూర, పైన చింతపండు చట్నీ, కీరా తురుము. మేం వెళ్ళినప్పుడు అమెరికా లెక్కలో ఒక్కోటి డాలరు లోపే. కారం ఎంత వెయ్యమంటావని అడుగుతారు. గుంటూరు వాళ్ళం కదా అని మా మామయ్యగారు నిండుగా వెయ్యమన్నారు. ఆ కారం మన ఎండుమిరప కారంలాంటిది కాదు, స్కాచ్ బానెట్ అనే మహా ఘాటు మిరప. కాసేపు ఆయన కారు చుట్టూ తిరిగారు. మీరు "స్లైట్" అనండి చాలు. దాల్‌పూరీ రోటీ అని ఉంటుంది, లోపల ఉడికించి పొడి చేసిన పప్పు. బెల్లం వెయ్యడం మర్చిపోయిన బొబ్బట్టులా ఉంటుంది. సహీనా అంటే చేమాకు బజ్జీ. బైగన్ చోకా అంటే కాల్చిన వంకాయ పచ్చడే, చింతపండు ఉండదు. నూనెలో వేయించేవి మాంసం వేయించిన మూకుట్లోనే వేయించారా అని మాత్రం అడిగి తినండి. మేం వంటిల్లున్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం, కుక్కర్ పట్టుకెళ్ళాం. వారంలో రెండుసార్లే పొయ్యి వెలిగించాం.

చూడాల్సినవి: వాటర్‌లూలో సముద్రంలో గుడి. శివదాస్ సాధు అనే చెరకు కూలీ 1947లో ఒడ్డున ఒక చిన్న గుడి కట్టాడు. ఆ స్థలం చెరకు కంపెనీది. గుడి కూలగొట్టించి ఆయన్ని జైల్లో పెట్టారు. బయటికొచ్చాక సైకిలు మీద రాళ్ళూ సిమెంటూ మోసుకెళ్ళి, సముద్రంలో దారి పోసుకుంటూ, నీళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఒక్కడే మళ్ళీ కట్టాడు. ఇప్పుడున్నది 1990లలో తిరిగి కట్టిన గుడి. నడవడానికి చక్కటి సిమెంటు దారి ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా వెళ్ళగలరు. ఆటు సమయంలో వెళ్తే చుట్టూ బురదే ఉంటుంది, పోటు చూసుకుని వెళ్ళండి. అక్కడికి దగ్గర్లో కారపిచైమాలో 85 అడుగుల హనుమంతుడు. ఆ గుడి మైసూరు గణపతి సచ్చిదానంద స్వామివారిది, కట్టడం మన దక్షిణాది పద్ధతిలోనే ఉంటుంది. విజయవాడ పటమట ఆశ్రమానికి వెళ్ళే అలవాటున్న అత్తయ్యగారికి భూగోళానికి ఇటువైపు ఆ గోపురం కనబడేసరికి నోట మాట రాలేదు. దారి పొడవునా ఇళ్ళ ముందు వెదురు కర్రలకి రంగురంగుల జెండాలు కనిపిస్తాయి. పూజ చేయించుకున్నాక అలా పాతుతారు, 'ఝండీ' అంటారు. మా చిన్నది అవి ఎన్నికల జెండాలనుకుంది.

సాయంత్రం కరోనీ మడ అడవుల్లో పడవ ఎక్కండి. నాలుగింటికి బయల్దేరి రెండు గంటలకు పైనే తిప్పుతారు. చీకటి పడేముందు ఎర్రటి కొంగల్లాంటి పక్షులు, స్కార్లెట్ ఐబిస్ అంటారు, గుంపులు గుంపులుగా వచ్చి పచ్చటి చెట్ల మీద వాలతాయి. ఆ ఎరుపు అవి తినే పీతలూ రొయ్యల నుంచి వస్తుందట, పిల్ల పక్షులు బూడిద రంగులో ఉంటాయి. అక్కడి పిల్ల పక్షుల్ని చూపించి మా పెద్దాడు "ఇవి ఇంకా సరిగా తిన్లేదు" అని చెల్లెల్ని ఏడిపించాడు. పడవలో టాయిలెట్ లేదు, పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. దోమల క్రీము తప్పనిసరి.

మా మామయ్యగారి కోరిక ఒక్కటే, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో క్వీన్స్ పార్క్ ఓవల్. 1971 మార్చిలో వెస్టిండీస్ మీద మనం మొట్టమొదటి టెస్టు గెలిచింది అక్కడే, గవాస్కర్‌కి అదే తొలి టెస్టు. అప్పుడాయన కాలేజీ హాస్టల్లో ఉన్నారట, పేపరు కోసం కొట్టుకున్నారట. గేటు దగ్గర నిలబడి మన బౌలర్ దురానీ వెస్టిండీస్ కెప్టెన్ సోబర్స్‌ని డకౌట్ చేసిన సంగతి అంతా మాకు చెప్పారు. అది మాకు మూడోసారి.

సముద్రం కావాలంటే టొబాగో. అదే దేశం, విమానంలో అరగంట కూడా పట్టదు. అక్కడ బుక్కూ రీఫ్‌కి అద్దాల అడుగున్న పడవలో తీసుకెళ్తారు. తర్వాత ఒడ్డుకి దూరంగా 'నైలాన్ పూల్' అనే చోట ఆపుతారు. నడి సముద్రంలో నడుం లోతు నీళ్ళు, అడుగున తెల్లటి ఇసుక. ఈత రానివాళ్ళకి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. లైఫ్ జాకెట్ వేసుకుని, చీర కొంగు దోపుకుని అత్తయ్యగారు కూడా దిగారు. టొబాగోకి రెండు రాత్రులు ఇవ్వండి.

ట్రినిడాడ్‌లో చెడ్డ సంగతి కూడా చెప్పాలి. నేరాలు ఎక్కువ. 2024 డిసెంబరు చివర్లో ఎమర్జెన్సీ ప్రకటించారు, 2025లో మళ్ళీ పెట్టారు. మేం వెళ్ళినప్పుడు మాకేమీ జరగలేదు కానీ చీకటి పడ్డాక బయట తిరగలేదు, బంగారం ఇంట్లోనే పెట్టి వెళ్ళాం. బుక్ చేసేముందు అమెరికా ప్రభుత్వ ప్రయాణ హెచ్చరిక చదవండి. అది చదివి మనసు ఒప్పకపోతే బలవంతంగా వెళ్ళొద్దు, బార్బడోస్‌కి వెళ్ళండి.

బార్బడోస్ నిజంగా హాయైన చోటు. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరు, లెక్క తేలిక. బస్సులు బాగుంటాయి. హారిసన్స్ కేవ్ అనే గుహలో ట్రామ్ మీద కూర్చోబెట్టి తిప్పుతారు, పెద్దవాళ్ళకి నడక తక్కువ. కార్లైల్ బే నీళ్ళు చెరువులా ఉంటాయి. 2024 టీ20 ప్రపంచకప్ మనం గెలిచిన కెన్సింగ్టన్ ఓవల్ ఇక్కడే, ఈసారి మామయ్యగారికి పోటీగా మా పెద్దాడు కథ చెప్పాడు. ఖర్చు మాత్రం గట్టిగానే ఉంది, సరుకుల్లో చాలా భాగం ఓడల్లో రావాల్సిందే. కూరలకి ట్రినిడాడ్‌లో అయినదానికి రెట్టింపు పెట్టాం. కూకూ అని మొక్కజొన్న పిండి, బెండకాయ కలిపి సంకటిలా చేస్తారు, చేప లేకుండా అడిగితే ఇస్తారు. అత్తయ్యగారు ఒకసారి తిని, రెండోసారి వద్దన్నారు.

అక్కడ మేం చేసిన తప్పు మీరు చెయ్యకండి. చవగ్గా ఉందని తూర్పు ఒడ్డున ఇల్లు తీసుకున్నాం. గాలి తూర్పు నుంచే వీస్తుంది, అందుకే ఆ వైపు అట్లాంటిక్ అలలు మనిషిని లాగేస్తాయి, ఈతకి పనికిరాదు. దానికి తోడు సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు. 2011 నుంచి ఈ దీవులకి గుట్టలుగా కొట్టుకొస్తోంది, కుళ్ళితే కుళ్ళిన కోడిగుడ్ల వాసన. ఇంటాయన ఫొటోల్లో ఆ వాసన లేదు మరి. రెండు రాత్రులు భరించి, డబ్బులు వదులుకుని పడమటి వైపుకి మారాం. అటువైపు దీవులన్నింటిలో దాదాపు ఇదే లెక్క, పిల్లలకి పడమటి ఒడ్డు. నాచు బెడద వసంతం నుంచి ఎండాకాలం దాకా ఎక్కువ, మీరు వెళ్ళే డిసెంబరులో తక్కువే. తుఫానుల కాలం కూడా నవంబరు 30తో అయిపోతుంది.

సామాను సర్దేటప్పుడు మిలిటరీ డిజైన్ బట్టలు తీసెయ్యండి. బార్బడోస్, ట్రినిడాడ్ రెండింట్లోనూ అవి మామూలు జనం వేసుకోవడం నేరం, పిల్లలకైనా సరే. ఎయిర్‌పోర్టులో మా వాడి నిక్కరు మార్పించారు. బీచ్‌లో ఎర్ర రంగు పట్టీ వేసిన చెట్టు కనిపిస్తే దాని కింద కూర్చోకండి, వాన పడుతుంటే అసలే వద్దు. అది మంచనీల్, పాలు తగిలితే బొబ్బలెక్కుతుంది, చిన్న ఆపిల్ లాంటి కాయ విషం. కారు నడపడం మాత్రం మనకి సుఖం, రెండుచోట్లా ఇండియాలోలాగే ఎడమ వైపు.

మీ అత్తమామల తిరుగు టికెట్ ఎప్పుడో చూసుకోండి, ఇది ముఖ్యం. ట్రినిడాడ్ ఎల్లో ఫీవర్ ఉన్న ప్రాంతాల జాబితాలో ఉంది. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అరవై దాటినవాళ్ళకి ఆ టీకా వెయ్యాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. అందుకని మేం వాళ్ళ ఇండియా ప్రయాణం మూడు వారాల తర్వాతకి పెట్టుకున్నాం.

వారం సరిపోతుందా అంటే, ట్రినిడాడ్‌కి నాలుగు, టొబాగోకి రెండు, మిగిలిన రోజు విమానాలకే పోతుంది. డిసెంబరులో అప్పుడప్పుడు జల్లులు పడతాయి, గొడుగులు రెండు పెట్టుకోండి.