రమ్మంటున్నారు, వెళ్లనా?

ప్రశ్న: నా వయసు 36. మా కంపెనీ వాళ్లు విదేశంలో ఉన్న ఆఫీసుకి మూడేళ్లపాటు రమ్మంటున్నారు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. భాష వేరు, వాతావరణం వేరు, మనుషుల తీరు వేరు. రెండేళ్ల కిందట పని మీద పన్నెండు రోజులు ఆ ఊళ్లో ఉన్నాను, బాగా నచ్చింది. తీరా ఆఫర్ చేతికొచ్చాక నిద్ర పట్టట్లేదు. నేను నలుగురితో ఇట్టే కలిసిపోయే రకం కాదు. నెట్‌లో దొరికిన పరీక్షలు రెండు రాస్తే ఒకటి వెళ్లమంది, ఒకటి వద్దంది. నా భార్య ‘మీ ఇష్టం’ అంటోంది. బాబుకి ఆరేళ్లు. పరాయి దేశం నాకు సరిపడుతుందో లేదో వెళ్లకముందే తెలుసుకునే దారి ఉందా అండీ?
– పేరు వద్దు

జవాబు: మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు ‘మీ ఇష్టం’ అన్న మాట. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీ పన్నెండు రోజుల సంగతి.

ఆ పన్నెండు రోజుల్లో మీరు ఇల్లు అద్దెకి వెతికారా? జ్వరం వచ్చిన పిల్లాణ్ని భుజాన వేసుకుని డాక్టరుకి వాడి బాధ వాళ్ల భాషలో చెప్పారా? హోటల్ గదీ, తిరుగు టికెట్టూ, సాయంత్రం బయటికి తీసుకెళ్లే ఆఫీసు వాళ్లూ ఉన్నప్పుడు ఏ ఊరైనా నచ్చుతుంది. ఆ ఊరు మంచిది కాదనడం లేదు, మీకింకా దానితో పరిచయం కాలేదు, అంతే.

మావారి ఉద్యోగం వల్ల నేను తొమ్మిదేళ్లు స్టాక్‌హోమ్‌లో ఉన్నాను. వెళ్లేనాటికి లెక్కల టీచరుగా నాకు పన్నెండేళ్ల సర్వీసు. అక్కడ కొత్తగా వచ్చినవాళ్లకి ప్రభుత్వం ఉచితంగా స్వీడిష్ నేర్పుతుంది, ఆ క్లాసులో చేరాను. రెండో వారం పంతులమ్మ వరసగా ఒక్కొక్కరినీ ‘మీరేం పని చేస్తారు?’ అని అడుగుతూ వచ్చింది. నా వంతు వచ్చేసరికి మాట దొరకలేదు. ఎదురుగా నిలబడ్డామె చేసే పనే నాదీ! చెయ్యి చాపి ఆమెనే చూపించాను. ‘మీరు మా టీచరు’ అంటున్నాననుకుంది కాబోలు, నవ్వి, అవునవునని తల ఊపి, పక్కావిడ దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఏడ్చానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

మీ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఆ క్లాసులోనే ఉంది. చలికి కోటు కొనుక్కుంటాం. చిన్నవాళ్లమైపోవడానికి మాత్రం ఏ కోటూ లేదు. ఇక్కడ మీరు మాటకి మాట అంటారు, వెటకారం ఆడతారు, బేరం తెగ్గొడతారు. అక్కడ ఏడాదో రెండేళ్లో పదేళ్ల పిల్లాడి మాటలతో నెట్టుకు రావాలి. ‘పాపం మంచివాడే గానీ కాస్త మందం’ అని జనం అనుకుంటుంటే, అది తెలిసి కూడా మళ్లీ మర్నాడు వెళ్లి తప్పుల తడకగా మాట్లాడగలరా? గుర్తు చేసుకోండి, మీకు బొత్తిగా రాని పనిని ఈమధ్య ఎప్పుడైనా పదిమంది ముందు నేర్చుకున్నారా? ఈత, డ్రైవింగ్, ఏదైనా సరే. అప్పుడు నవ్వుకుంటూ నేర్చుకున్నారా, సాకు చెప్పి మానేశారా? ఆ నెట్ పరీక్షల కన్నా ఇది నమ్మదగ్గ పరీక్ష.

నలుగురిలో కలవలేనన్న దిగులు మాత్రం వదిలేయండి. నేను చూసినంతలో ఎక్కువ కుంగిపోయింది మాటకారులే. వాళ్ల ఆస్తంతా మాటలోనే ఉంటుంది, సరిహద్దు దాటగానే అది చెల్లదు. మౌనంగా కూర్చుని, ఎవరు ఎప్పుడు లేస్తున్నారో ఎలా సెలవు తీసుకుంటున్నారో గమనించే మనుషులు నిలదొక్కుకున్నారు.

మేమున్న భవనంలో బట్టలు ఉతుక్కునే గది అందరికీ ఒకటే, నేలమాళిగలో. ఎవరి టైము వాళ్లు ముందే బోర్డు మీద పెట్టుకోవాలి. ఒకరోజు నా బట్టలు తీయడం పది నిమిషాలు ఆలస్యమైంది. వెళ్లేసరికి తడిబట్టలన్నీ బుట్టలో, వాటి మీద ఒక కాగితం: ‘మీ సమయం 8 గంటలకు అయిపోయింది.’ 8 కింద రెండు గీతలు. ఇంకేముంది, గొడవే అనుకున్నాను. మూడు రోజులు ఆ కాగితం రాసిన పొరుగావిడ మెట్ల మీద ఎదురుపడకుండా తప్పించుకున్నాను. నాలుగోరోజు క్షమాపణ నాలుగు వాక్యాల్లో రాసుకుని, బట్టీ పట్టి, తలుపు కొట్టాను. నేను దేని గురించి మాట్లాడుతున్నానో అర్థం కావడానికి ఆవిడకి కాసేపు పట్టింది. ‘ఆ కాగితమా! రాశాను కదా, అయిపోయింది’ అంది. నాకది చీవాటు, ఆవిడకి సమాచారం.

కాలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో రియో డి జనీరోలోని ఒక మహిళా క్లబ్బులో ఇచ్చిన ఉపన్యాసం ఈ విషయం మీదే. ఎప్పుడు చెయ్యి కలపాలి, ఎవరి మాట నిజంగా తీసుకోవాలి, ఎప్పుడు తీసుకోకూడదు లాంటి గుర్తులతోనే రోజులు గడిపేస్తాం, అవి పోతే వచ్చే కంగారే కల్చర్ షాక్ అన్నాడాయన. అంటే మీకు రాత్రిళ్లు పట్టుకున్న భయం వేరు, అక్కడ పట్టుకోబోయేది వేరు. రెండోది మరీ చిల్లర విషయాల్లో వస్తుంది, కాబట్టే ఎవరికీ చెప్పుకోలేం.

‘మొదట సంబరం, తర్వాత దిగులు, ఆపైన అంతా సర్దుకుంటుంది’ అని మీకు చాలామంది చెబుతారు. దీనికి మూలం 1955లో నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్ రాసిన వ్యాసం. అమెరికా వెళ్లొచ్చిన నార్వే వాళ్లని ఆయన కదిలిస్తే, 6 నుంచి 18 నెలలు ఉన్నవాళ్లే అంతకన్నా తక్కువ, ఎక్కువ ఉన్నవాళ్ల కంటే ఇబ్బంది పడ్డట్టు తేలింది. 1998లో న్యూజిలాండ్‌లోని జపాన్ విద్యార్థుల మీద కోలీన్ వార్డ్, తోటి పరిశోధకులు చేసిన అధ్యయనంలో ఆ వరస అలా రాలేదు. వాళ్లకి దిగగానే ఉన్న రోజులే అన్నిటికన్నా కష్టమయ్యాయి. క్యాలెండరు చూసి ధైర్యం తెచ్చుకోవద్దని చెప్పడానికే ఇదంతా.

ఇక భాష. లెక్కల టీచర్ని కదా, లెక్క చెప్పకుండా ఉండలేను. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పుతుంది. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవాళ్లు స్వీడిష్, స్పానిష్ లాంటివి ఉద్యోగానికి పనికొచ్చేలా నేర్చుకోవాలంటే 600 నుంచి 750 క్లాసు గంటలు కావాలని లెక్కగట్టింది. జపనీస్, అరబిక్ అయితే 2200. ఉద్యోగం చేసుకుంటూ వారానికి నాలుగు గంటలు క్లాసుకి వెళ్లారనుకోండి, 600 గంటలకే 150 వారాలు. మీ మూడేళ్లకి ఉన్నవి 156 వారాలు. అంటే భాష వంటబట్టేసరికి పెట్టె సర్దుకునే వేళ అవుతుంది. అందుకని వెళ్లేది మూడేళ్లకేనా, కుదిరితే ఉండిపోవడానికా అన్నది ముందే తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే భాషని ఎంత గట్టిగా పట్టుకోవాలో కూడా తెలియదు.

మరోసారి చూసి రావాలనుకుంటే ఆ ఊరి ఏడాదిలో అన్నిటికన్నా చెడ్డ నెలలో వెళ్లండి. స్టాక్‌హోమ్‌లో డిసెంబరు నెలలో మధ్యాహ్నం మూడు కాకముందే సూర్యుడు దిగిపోతాడు, పగలంతా కలిపితే ఆరు గంటలు. అది జూన్‌లో చూసిన మనిషికి తెలియదు.

ఇప్పుడు ‘మీ ఇష్టం’ దగ్గరికి.

విదేశాలకు పంపిన ఉద్యోగులు మధ్యలో ఎందుకు వెనక్కి వచ్చేస్తున్నారని మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ రోసాలీ టంగ్ బహుళజాతి సంస్థల్ని అడిగి 1982లో ఒక వ్యాసం రాశారు. అమెరికా కంపెనీలు చెప్పిన కారణాల్లో మొట్టమొదటిది జీవిత భాగస్వామి ఇమడలేకపోవడం. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మావారికి దిగిన మర్నాడే ఒక కుర్చీ, ఒక బల్ల, పేరు పెట్టి పిలిచే మనుషులు ఉన్నారు. నాకు కిటికీ ఉంది. మీరు మీకు సరిపడుతుందా అని అడిగారు బాబూ, ఎనిమిది గంటలు మీకు ఆఫీసు తోడుంటుంది కాబట్టి మీ సంగతి ఎలాగో గడిచిపోతుంది. ఆవిడ ‘మీ ఇష్టం’ అన్నది ఒప్పుకుని కాదేమో, చెప్పినా వినరని కావచ్చు. వీసా మీద ఆవిడకి ఉద్యోగం చేసే హక్కు ఉంటుందా? మంగళవారం పొద్దున పదకొండు గంటలకి, మీరు ఆఫీసులో, బాబు బళ్లో ఉండగా, ఆవిడ ఏం చేస్తూ ఉంటుంది? ఇద్దరూ చెరో కాగితం మీద, మాట్లాడుకోకుండా, ఆ మంగళవారం ఎలా ఉంటుందో రాయండి. కాగితాలు మార్చుకోండి. ఆవిడ కాగితం ఖాళీగా ఉంటే నెలాఖరుకి జవాబు ఇవ్వకండి, గడువు అడగండి. గడువు కుదరదంటే ఈసారికి వద్దనండి. నా మాట కటువుగా ఉంటే ఉండనీ.

కంపెనీని కూడా రెండు అడగండి, కాగితం మీద: ఆర్నెల్లకే వచ్చేస్తానంటే తిరుగు ఖర్చు ఎవరిది? మూడేళ్ల తర్వాత వచ్చేసరికి నా కుర్చీ ఎక్కడ?

ప్రశ్న: ఎనిమిదేళ్లు బయట ఉండి వచ్చి నాలుగు నెలలైంది. సొంతవాళ్ల మధ్యే పరాయిదాన్నైపోయాను. అందరూ ‘మారిపోయావు’ అంటున్నారు. మళ్లీ వెళ్లిపోవడమే మంచిదా మేడమ్?
– ఒక పాఠకురాలు

జవాబు: నాలుగు నెలలకే టికెట్టు చూడకమ్మా. తిరిగొచ్చాక దిగులు గుంట ఇంకొకటి ఉంటుందని 1963లోనే పరిశోధకులు గల్లహార్న్ దంపతులు రాశారు. వెళ్లేటప్పుడు కష్టమని అందరూ హెచ్చరిస్తారు, వచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు. నీ ఎనిమిదేళ్ల గురించి రెండు నిమిషాల కన్నా ఎక్కువ వినే ఓపిక కూడా ఎవరికీ ఉండదు. అలా వెళ్లొచ్చినవాళ్లు ఒకరిద్దరు దొరికితే పట్టుకో, చాలు.

నేను తిరిగొచ్చిన మొదటి డిసెంబరులో మధ్యాహ్నం మూడు అవుతుండగానే లేచి ఇంట్లో దీపాలన్నీ వేసేసేదాన్ని, బయట ఇంకా ఎండ కాస్తూనే ఉండేది. మావారు ఎందుకని ఒక్కరోజూ అడగలేదు. నా వెనకే వచ్చి కిటికీలకి పరదాలు దించేవారు.