తొక్కడం ఆపితే సైకిల్ ఎందుకు ఆగిపోతుంది?

తొక్కడం ఆపగానే సైకిల్ నెమ్మదించి ఆగిపోతుంది కాబట్టి, కదులుతూ ఉండాలంటే బలం ఉండాల్సిందే కదా అని అడిగారు. కాదండీ. చాలామంది ఇక్కడే తడబడతారు, ఎందుకంటే కంటికి అలాగే కనిపిస్తుంది.

సైకిల్ ఆగేది బలం లేక కాదు, ఇంకో బలం ఉండబట్టి. టైర్ల దగ్గర, ఇరుసుల్లో ఉండే ఘర్షణ, దానికి తోడు గాలి అడ్డు, దాన్ని వెనక్కి లాగుతాయి. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లి చూడండి. అదే దెబ్బకి స్ట్రైకర్ ఎంతో దూరం జారుతుంది. మీ వేలి బలం పెరగలేదు, ఘర్షణ తగ్గిందంతే. 1977లో ప్రయోగించిన వాయేజర్-1 అనే అంతరిక్ష నౌకని ఇప్పుడు ముందుకు నెట్టే ఇంజిన్ ఏదీ లేదు. అయినా సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంది!

బలం చేసే పని వేగాన్ని మార్చడం: పెంచడం, తగ్గించడం, లేదా దిశ తిప్పడం. 10 కిలోల బండి మీద ఘర్షణ పోను 20 న్యూటన్ల బలం మిగిలితే, దాని వేగం ప్రతి సెకనుకూ 2 మీ/సె చొప్పున పెరుగుతుంది. మీరు తిన్నని రోడ్డు మీద ఒకే వేగంతో తొక్కుతున్నప్పుడు మాత్రం ముందుకు నెట్టే బలం, వెనక్కి లాగే బలం సరిసమానం. మిగిలేది సున్నా.