పండక్కి ఊరెళ్ళలేదు, ఏం చెయ్యను అక్కా?

ప్రశ్న: అక్కా, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఇక్కడ బెంగళూరు మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటాను. ఈ సంక్రాంతికి ఆన్‌కాల్ డ్యూటీ నాకే పడింది, ఆఫీసు సెలవు చూస్తే ఒక్కరోజే. అమ్మ ఫోన్లో "పర్లేదులే" అంటుంది, పెట్టేశాక ఏడుస్తోందట, చెల్లి చెప్పింది. పండగ స్పెషల్ భోజనం ఆర్డర్ పెట్టుకుని వీడియో కాల్లో అందరితో కలిసి తిందామనుకుంటున్నా. ఇంకేమైనా చెయ్యొచ్చా?

జవాబు: భోజనం తెప్పించుకో, వద్దనను. కానీ పండగంతా దానిమీదే పెట్టుకోకు. బెంగళూరు వచ్చిన మొదటి ఏడాది నేనూ ఇదే చేశాను. పులిహోర, బూరెలు, గోంగూర అన్నీ హోటల్ నుంచి పార్సిల్ వచ్చాయి, ఒంటిగంటకల్లా తినేసి పడుకున్నా, నాలుగింటికి లేచేసరికి ఎటూ తోచలేదు. అమ్మ ఫోన్ చేసి "ఏం చేస్తున్నావే" అంటే చెప్పడానికి ఏమీ లేదు. ఇంట్లో అయితే ధనుర్మాసం వచ్చిందంటే, అంటే డిసెంబరు 16 నుంచే, ఏదో ఒక పని మన నెత్తిన పడుతూనే ఉంటుంది కదా, కల్లాపి, ముగ్గు, గొబ్బెమ్మలు, తడిపిండి జల్లించడం, అరిసె నూనెలోంచి తీయగానే చెక్కల మధ్య పెట్టి వత్తడం, మధ్యలో తిట్లు. ఊరు వదిలాక తిండి దొరుకుతుంది, ఆ పని దొరకదు.

కాబట్టి ఒక పని పెట్టుకో. పీజీలో పొయ్యి ఉండదు గనక ఎళ్ళు బెల్ల చెయ్యి. కన్నడవాళ్ళ సంక్రాంతంతా అందులోనే ఉంటుంది: వేయించిన నువ్వులు, వేరుశనగపప్పు, పుట్నాలు, ఎండుకొబ్బరి, బెల్లం. కలిపేసిన ప్యాకెట్లు గాంధీ బజార్లో గుట్టలుగా అమ్ముతారు, అవి మాత్రం కొనకు. కొబ్బరి చిప్ప కొని, వెనకున్న నల్ల పొట్టు గీకి, సన్నగా చీల్చి, మళ్ళీ చిన్న చిన్న ముక్కలు చెయ్యాలి. బెల్లం ఇంకా మొండిది, కత్తి గట్టిగా నొక్కావా పొడైపోతుంది. మా కింద పోర్షన్ ఓనరమ్మగారు వారం ముందే మొదలుపెట్టి ముక్కల్ని ఎండలో ఆరబెట్టేవారు. రెండో ఏడు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నా. నేను కోసినవి చూసి "ఇష్టు దప్పనా?" అని (ఇంత లావా అని), నావన్నీ వేరే గిన్నెలో పెట్టించారు. అచ్చం మా అమ్మే! మర్నాడు సాయంత్రం ఆ పొట్లాలకి చెరుకు ముక్క, అరటిపండు, సక్కరె అచ్చు (పంచదార బొమ్మ) చేర్చి ఇంటింటికీ పంచడానికి నన్నే పంపారు. ఇచ్చేటప్పుడు "ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి" అనాలి, నువ్వులూ బెల్లం తిని మంచిమాటలు మాట్లాడమని.

ఇక వీడియో కాల్. తింటూ మాట్లాడితే ఇద్దరూ ఏడుస్తారు. ముందురోజు రాత్రి, కొబ్బరి కోస్తూ చెయ్యి. లేదా అమ్మని ముగ్గు చెప్పమను, ఎన్ని చుక్కలు, సరిచుక్కా సందుచుక్కా, ఎక్కడ తిప్పాలి అని. నువ్వు తప్పు వేస్తే ఆవిడ కేకలేస్తుంది, "పర్లేదులే" కంటే అదే నయం.

వచ్చే ఏడాదికి ఇప్పుడే ఫోన్లో గుర్తు పెట్టుకో: రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవాళ్ళు, 2024 నవంబరు నుంచి 60 రోజులే. జనవరి 12 రైలుకి నవంబరు 13 పొద్దున్న 8 గంటలకి కూర్చోవాలి. 8:05కి కూర్చుంటే వెయిటింగ్ లిస్టే.

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ళు. భోగిపళ్ళు పోయాలంటే పెద్దవాళ్ళుండాలి, అత్తమామలు రాజమండ్రిలో. మేమిద్దరమే పోసేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది, కానీ ఎందుకండీ అంత ఒంటరిగా? మీ ఫ్లోర్లో ఒక అజ్జి (కన్నడ బామ్మగారు) ఉండే ఉంటారు, పిలవండి. రేగిపళ్ళని ఇక్కడ ఎలచి హణ్ణు అంటారు, వాళ్ళకీ సంక్రాంతికి పిల్లల తలమీద పోసే అలవాటు ఉంది, కాబట్టి వివరించి చెప్పే పని కూడా ఉండదు. చిల్లర, చేమంతి రేకులు, చెరుకు ముక్కలు కలపండి. చిల్లర మాత్రం పోసిన వెంటనే లెక్కపెట్టి ఏరేయండి, రెండేళ్ళవాడు రూపాయి నోట్లో పెట్టుకున్నాడంటే ఆ రోజంతా ఆసుపత్రిలోనే.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద భోగి మంట వెయ్యొచ్చా?

జవాబు: వద్దు. పైన నీళ్ళ ట్యాంకులు, కేబుళ్ళు, కింద అసోసియేషన్. సెక్యూరిటీ అతన్ని అడిగి, గేటు బయట ఇనప బాణలిలో రెండు పిడకలు, కాస్త కర్పూరం వేసి వెలిగించండి. జనవరిలో తెల్లవారుజామున ఐదింటికి ఇక్కడి చలి తెలుసుగా, ముందు చేతులు చాపేది ఆ సెక్యూరిటీ అతనే.