షికాగో సిటీ స్టిక్కర్ టికెట్: కట్టకండి, ముందు అభ్యంతరం తెలపండి

టెక్సస్ నుంచి షికాగోకు మారి మూడు వారాలే అయిందని, కారు అద్దం మీద సిటీ స్టిక్కర్ (నగరవాసులు తమ వాహనానికి కొని అతికించాల్సిన పన్ను చీటీ) లేదని 200 డాలర్ల జరిమానా టికెట్ పడిందని మీరు రాశారు. దయచేసి తొందరపడి కట్టేయకండి. కట్టారంటే తప్పు ఒప్పుకున్నట్లే.

ఊరికి కొత్తగా వచ్చినవారికి స్టిక్కర్ కొనడానికి 30 రోజుల గడువుంది. టికెట్ రాసే ఉద్యోగికి మీరెప్పుడు వచ్చారో తెలియదు కదా, ఆ సంగతి మీరే రుజువు చేయాలి. అద్దె ఒప్పందంలో చిరునామా, మొదలైన తేదీ ఉన్న పేజీని, టెక్సస్ రిజిస్ట్రేషన్ కాగితాన్ని జతచేసి, ‘ఫలానా తేదీన వచ్చాను, గడువు ఇంకా ఉంది’ అని నాలుగు వాక్యాల్లో రాయండి. టికెట్ పడిన 7 రోజుల్లోపే పంపండి. పోస్టులో పంపవచ్చు, విచారణకు స్వయంగా వెళ్లవచ్చు.

ఈలోగా స్టిక్కర్ కొనేయండి. ముందు అద్దానికి లోపలివైపు, డ్రైవర్ పక్క సీటు ఎదురుగా కింది మూలలో అతికించాలి. కారులో పెట్టుకుంటే చాలదు.

ఈ జరిమానా 120 డాలర్లుండేది. 2012లో 200 అయింది. పేదలు అప్పుల్లో కూరుకుపోతున్నారన్న ఆవేదనతో నగర మండలి 2019లో నిబంధనలు కొంత సడలించింది. అది ఎప్పుడో జరగాల్సిన పని. 2020 జులై నుంచి షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రంలో పార్కింగ్ బకాయిలకు డ్రైవింగ్ లైసెన్సు నిలిపివేయడం లేదు. అయినా టికెట్‌ను పక్కన పడేయకండి, ఖరారైన బకాయిలు మూడైతే చక్రానికి తాళం పడుతుంది.