దంపుడు బియ్యాన్ని తెల్ల బియ్యంలా దాచకు

అమ్మాయీ,

అల్లుడు గారికి షుగర్ బోర్డర్‌లో ఉందన్నారట, అందుకని నువ్వు 25 కిలోల బ్రౌన్ రైస్ బస్తా తెప్పించావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మారదామనుకోవడం మంచిదే, సంతోషించాను. కానీ ఆ బస్తా మాట విన్నాక రాయకుండా ఉండలేకపోయాను. మీరు ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక చిన్నపిల్ల, రోజుకో గ్లాసు వండుకున్నా ఆ బస్తా అయ్యేసరికి నాలుగు నెలలు పడుతుంది. తెల్ల బియ్యమైతే ఏడాది ఉన్నా బాధ లేదు, పాత బియ్యమైతే అన్నం పొడిపొడిగా వస్తుందని మనమే అడిగి మరీ కొంటాం. దంపుడు బియ్యంతో, అదే నువ్వు తెప్పించిన బ్రౌన్ రైస్‌తో, ఆ పని చెయ్యకూడదు.

ఎందుకో చెప్తాను, ఇది ఒక్కటి తెలిస్తే మిగతావన్నీ నీకే తడతాయి. వడ్లకి పై ఊక మాత్రం తీసి, తవుడు పొరని, మొలక ముక్కని గింజకే ఉంచేస్తే దంపుడు బియ్యం. తవుడంటే నూనె. బజార్లో రైస్ బ్రాన్ ఆయిల్ అని అమ్మేది దానిలోంచి తీసేదే. వడ్లుగా ఉన్నంతకాలం ఆ నూనె పదిలంగానే ఉంటుంది, ఊక ఒలిచేటప్పుడు తవుడు పొర గీరుకుపోయి అందులోనే ఉండే ఎంజైమ్ ఆ నూనెని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత గాలీ వేడీ తగిలి కమటెక్కుతుంది. పాత పల్లీలు కమటు వాసన వస్తాయి చూడు, ఇదీ అంతే. మన పెద్దవాళ్ళు గాదెల్లో, పురుల్లో ఏడాదికి సరిపడా దాచుకున్నది వడ్లనే కానీ బియ్యాన్ని కాదు. కావలసినప్పుడు కావలసినన్ని తీసి దంచుకునేవాళ్ళు, అంటే వాళ్ళు తిన్న దంపుడు బియ్యం ఎప్పుడూ తాజావే.

కాబట్టి ముందు ఆ బస్తా విప్పి వాసన చూడు. గుప్పెడు బియ్యం అరచేతిలో వేసుకుని బాగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకో. తవుడు కమ్మటి వాసన వస్తే మంచివి. పాత నూనె వాసనో, రంగు డబ్బా మూత తీసినట్టో అనిపిస్తే అప్పటికే పాడయ్యాయని, నాలుగు గింజలు నమిలితే చేదు కూడా తగులుతుంది, మొహమాటపడకుండా వెనక్కి పంపించెయ్యి. కడిగినా, ఎండబెట్టినా ఆ చేదు పోదు. బస్తా మీద ప్యాకింగ్ తేదీ ఉంటుంది కానీ మిల్లు పట్టిన తేదీ ఉండకపోవచ్చు, అది అడిగి కనుక్కో.

బాగుంటే మూడో వంతు నువ్వు ఉంచుకుని మిగతాది మీ ఆడపడుచు వాళ్ళకీ, పక్కింటి వాళ్ళకీ పంచెయ్యి. ఇకనుంచి నెలకి సరిపడా ఐదారు కిలోలే కొను. మన ఎండలకి బయట డబ్బాలో రెండు మూడు నెలలకి మించి ఉంచకు, ఏప్రిల్, మే నెలల్లో అయితే ఒక్క నెలే అనుకో. ఫ్రిజ్‌లో గాలి చొరబడని డబ్బాలో పెడితే ఆరు నెలలు నిక్షేపంగా ఉంటాయి, డీప్ ఫ్రీజర్‌లో ఇంకా ఎక్కువ. ఫ్రిజ్‌లో చోటు లేదంటావు, తెలుసు, రెండు కిలోలన్నా పెట్టు, మిగతావి వంటగదిలో స్టవ్‌కి దూరంగా కింది అరలో పెట్టు. స్టవ్ పైన ఉండే అరలో పెడితే రోజూ వేడి తగిలి తొందరగా పాడవుతాయి.

పురుగు సంగతి. తవుడు ఉండే బియ్యానికి ముక్కపురుగు తొందరగా పడుతుంది, అందులో ఆశ్చర్యం లేదు, పోషకం ఉన్నచోటికే అదీ వస్తుంది. కొన్న వెంటనే ప్యాకెట్లుగా కట్టి నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక ప్యాకెట్ చల్లదనం పోయేదాకా విప్పకు, చల్లటి గింజ మీద తేమ పట్టిందంటే బూజు వస్తుంది. ఎండు వేపాకు, ఎండుమిరపకాయలు వేస్తామంటే వెయ్యి, పురుగు రాకుండా కొంత అడ్డం పడతాయి, వచ్చిన పురుగుని పోగొట్టవు. వేపాకు మాత్రం గలగలలాడేలా ఎండాలి. కొంతమంది బియ్యానికి బోరిక్ పౌడర్ కలుపుతారు, ఎంత కడుగుతామన్నా సరే, చిన్నపిల్ల ఉన్న ఇంట్లో అది వద్దే వద్దు. పురుగు పట్టిన తెల్ల బియ్యం డాబా మీద ఎండలో పోస్తాం కదా, వీటిని అలా పొయ్యకు, ఎండ వేడికి తవుడులో నూనె ఇంకా తొందరగా చెడుతుంది. నీడన చాప వేసి ఆరబోసి, చాటతో చెరుగు చాలు.

ఇంకో మాట, కొందరు ఉప్పుడు బియ్యాన్నే బ్రౌన్ రైస్ అని అంటగడుతున్నారు. ఉప్పుడు బియ్యం గింజ నునుపుగా, కాస్త పసుపుగా, అద్దంలా ఉంటుంది. దంపుడు బియ్యం మీద గోధుమ రంగు పొర ఉంటుంది, ఒక కొసన చిన్న మొలక ముక్క కనబడుతుంది, అక్కడక్కడా పచ్చ గింజలూ ఒకటీ అరా వడ్లూ ఉంటాయి, అవి ఉంటే కంగారు పడకు, ఏరెయ్యి. ఉప్పుడు బియ్యం చెడ్డవని కాదు. 1920ల్లో నీలగిరి కొండల్లోని కూనూరు ప్రయోగశాలలో, బి1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు మీద పరిశోధన చేసినప్పుడు అది ఎక్కువగా మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనే, అంటే కోస్తా ఆంధ్రలోనే, కనబడింది, ఎందుకంటే మనవాళ్ళు పచ్చి వడ్లు మరాడించి తెల్లగా పాలిష్ పట్టించి తినేవాళ్ళు. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో అది అంతగా లేదు, వడ్లు ఉడికించినప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాద్ వచ్చింది, ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే.

వండటం. నానబెట్టకుండా వండి, అన్నం పలుకుగా ఉందని వదిలేసేవాళ్ళే ఎక్కువ. రాత్రి పడుకునే ముందు ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు మెల్లగా కడిగి నీళ్ళు పోసి ఉంచు, పొద్దున ఆ నీళ్ళు పారబోసి వండు. ఎండాకాలం రాత్రంతా బయట ఉంచితే పులుస్తుంది, గిన్నె ఫ్రిజ్‌లో పెట్టు. అంత వీలులేని రోజు కనీసం రెండు గంటలు. నానిన బియ్యానికి గ్లాసుకి రెండున్నర గ్లాసుల ఎసరు, కుక్కర్లో పెద్ద మంట మీద మూడు విజిల్స్ రానిచ్చి సిమ్‌లో పది పన్నెండు నిమిషాలు ఉంచి ఆపెయ్యి. ఆవిరి దానంతట అది దిగేదాకా మూత ముట్టుకోకు, విజిల్ ఎత్తి ఆవిరి తీసేస్తే మెతుకు బయట చిట్లి లోపల బిరుసుగా ఉండిపోతుంది. ఉమ్మగిల్లడానికి ఇంకో పది నిమిషాలు వదిలెయ్యి. కొత్త బియ్యమైతే నీళ్ళు అర గ్లాసు తగ్గించు. పప్పు గిన్నెతో పాటు ఒకే కుక్కర్లో పెట్టకు, పప్పుకి సరిపోయిన టైము వీటికి సరిపోదు.

విడిగా గిన్నెలో వండితే నానిన వాటికి కూడా అరగంట పైన పడుతుంది. నేను మాత్రం గంజి వార్చను, అత్తెసరే పెడతాను. ఏ విటమిన్ల కోసం ఇంత తంటా పడుతున్నామో అవే గంజిలో కొట్టుకుపోతాయి. మీ అత్తగారు వచ్చినప్పుడు వార్చిన అన్నమే కావాలంటే ఆ గంజిలో ఉప్పూ మజ్జిగా కలిపి తాగండి, పారబొయ్యకండి.

మొదటి రోజే అందరికీ ఇదే వడ్డించకు. మొదట్లో సింగిల్ పాలిష్ బియ్యం, అంటే తవుడు కొంతే తీసినవి, తీసుకో, లేదంటే సగం దంపుడు, సగం తెల్ల బియ్యం కలుపు, కానీ దంపుడువి మాత్రం ముందు నానబెట్టినవే కలపాలి. పులుసులు, పప్పుచారు, గోంగూర పచ్చడి వీటికి ఈ అన్నం భలే కుదురుతుంది, నీళ్ళ చారుతో మాత్రం విడివిడిగా ఉండిపోతుంది. పాపకి ఇంకా మెత్తగా ఉడికించి నెయ్యి వేసి కొద్దికొద్దిగా అలవాటు చెయ్యి, ఎక్కువైతే కడుపు ఉబ్బరిస్తుంది.

అల్లుడు గారికి ఇది మాత్రం నొక్కి చెప్పు. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములుంటే, దంపుడు బియ్యంలో దాదాపు 75. పీచు వల్ల షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది కానీ రెండు కంచాలు తింటే ఎక్కాల్సింది ఎక్కుతుంది. బ్రౌన్ రైసే కదా అని ఇంకో గరిటె పెట్టించుకునేవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళ షుగర్ తగ్గనే లేదు. కప్పు అన్నం, దానికి రెట్టింపు కూర, పప్పు. మందులేమైనా మొదలుపెట్టి ఉంటే అన్నం మార్చిన సంగతి డాక్టరుకి చెప్పండి. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ ఉందని ఎవరికైనా అన్నారా, వాళ్ళకి అడగకుండా పెట్టకు, ఇందులో ఫాస్ఫరస్ ఎక్కువ.

వండటానికి టైము పడుతుందని రెండు రోజులకి సరిపడా వండి గిన్నె స్టవ్ మీదే వదిలేస్తావేమో, ఆ పని చెయ్యకు. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఉడికినా చావదు, బయట గంటల తరబడి ఉంటే విషం తయారుచేస్తుంది, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వండిన గంటలోపు వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టు, మర్నాటికల్లా అయిపోవాలి. ఇంకా ఎక్కువ రోజులకి కావాలంటే ఒక్కో పూటకి సరిపడా పొట్లాలు కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకో, నెల దాకా బాగుంటుంది. వేడి చేసేటప్పుడు రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, మూత పెట్టి, పొగలు కక్కేదాకా వేడి చెయ్యి, ఒక్కసారే.

ఉంటాను,
పెద్దమ్మ