విండోస్ 11 అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతే పవర్ బటన్ నొక్కేయవచ్చా?

మీ ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 నుంచి 11కి అప్‌గ్రేడ్ పెడితే 71 శాతం దగ్గర ఆగిపోయింది, మూడు గంటలుగా అంకె కదలడం లేదు, పవర్ బటన్ నొక్కి ఆపేయమంటారా లేక షాపుకి తీసుకెళ్ళి ఫార్మాట్ కొట్టించమంటారా అని అడిగారు. ఫార్మాట్ మాత్రం వద్దు. ఎవరు చెప్పినా వద్దు. పవర్ బటన్ నొక్కచ్చు కానీ ఇప్పుడే కాదు.

ముందు ఆ శాతం వంక చూడటం మానేయండి. అది టైముని బట్టి నడిచే అంకె కాదు. ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్) లేని పాత మెషిన్లలో ఒకే అంకె మీద గంటల తరబడి ఉండిపోయి, తర్వాత గబగబా పూర్తయిపోవడం మామూలే. చూడాల్సింది డిస్క్ లైటు. అది మినుకుమినుకుమంటుంటే లోపల పని జరుగుతోందన్నమాట, చార్జర్ పెట్టి ఉంచి వదిలేయండి. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లకి ఆ లైటు ఉండటం లేదు, అది వేరే బాధ, ఓ చిన్న బల్బు తీసేసి కంపెనీలు ఏం మిగుల్చుకుంటున్నాయో! లైటు లేకపోతే క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. కీబోర్డు మీద దాని లైటు వెలిగి ఆరుతుంటే మెషిన్ ఇంకా బతికే ఉంది. రాత్రంతా వదిలేసినా డిస్క్ చప్పుడు లేక, క్యాప్స్ లాక్ కూడా పలక్కపోతే అప్పుడు పవర్ బటన్.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, తెనాలిలో మా బావకి డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, అన్నీ ఒక్క డెస్క్‌టాప్ మీదే. 2025 శ్రావణమాసం ముహూర్తాలకి చేతినిండా ఆర్డర్లు. విండోస్ 10కి అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోతుందని స్క్రీన్ మీద పదేపదే వస్తుంటే, షాపులో పనిచేసే కుర్రాడు ఓ సాయంత్రం అప్‌గ్రేడ్ నొక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. పొద్దున బావ ఫోన్. "ఒరేయ్, సిస్టమ్ రాత్రి నుంచి అలాగే తిరుగుతోందిరా. సర్వీసు అతను వచ్చి ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నాడు. సాయంత్రానికి కార్డులివ్వాలి." నేను గుంటూరులో ఉన్నాను. "బావా, నేను వచ్చేదాకా అతన్ని మెషిన్ ముట్టుకోనివ్వద్దు" అని చెప్పి బస్సెక్కేశాను.

వెళ్ళేసరికి డిస్క్ లైటు పూర్తిగా ఆరిపోయి ఉంది, క్యాప్స్ లాక్ పలకడం లేదు. వెనక్కి వంగి చూస్తే ప్రింటర్, స్కానర్, కార్డ్ రీడర్, బయటి హార్డ్ డిస్క్ అన్నీ తగిలించే ఉన్నాయి. కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ పీకేశాను. పవర్ బటన్ మెషిన్ ఆగేదాకా నొక్కి పట్టుకుని, కాసేపాగి మళ్ళీ ఆన్ చేశాను. చేసిన మార్పులు వెనక్కి తీస్తున్నానని మెసేజ్ వచ్చింది. దాన్ని చూసి చాలామంది టెన్షన్ పడి మళ్ళీ ఆపేస్తారు, అప్పుడే అసలు ప్రమాదం. అది వచ్చిందంటే పాత విండోస్‌ని తిరిగి నిలబెడుతోందని అర్థం. మేము టీ తాగొచ్చి కూర్చున్నాం, కరెంటు పోతుందేమోనని ఇన్వర్టర్ వైపు చూస్తూ. చివరికి విండోస్ 10 ఎప్పటిలాగే తెరుచుకుంది. బావ ఇంకేమీ చూడకుండా సాయంత్రం ఇవ్వాల్సిన శుభలేఖ ఫైలు తెరిచాడు. వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం అడ్రసు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఆ సర్వీసు అతని మాట విని ఉంటే? ఆ షాపు పనంతా, ఏళ్ళ తరబడి దాచుకున్న డిజైన్లతో సహా, సి డ్రైవ్‌లో డెస్క్‌టాప్ మీదే ఉంది. అప్‌గ్రేడ్ ఆగిపోతే సాధారణంగా ఫైళ్ళు పోవు, విండోస్ తనంతట తాను వెనక్కి రావడానికి ఏర్పాటు ఉంటుంది. ఫైళ్ళు పోయేది ఫార్మాట్ వల్ల. మన ఊళ్ళలో సిస్టమ్‌కి ఏమొచ్చినా మొదటి మందు ఫార్మాటే. ఒక్కసారి కూడా లోపం కోడ్ రాసుకోరు, ముందు ఫైళ్ళు కాపీ తీద్దామని అనరు. ఇది మారాలి.

మాకు వచ్చిన కోడ్ 0ఎక్స్‌సీ1900101. అది ఎక్కువగా డ్రైవర్ల గొడవ, అంటే ప్రింటర్, స్కానర్ లాంటివాటిని విండోస్‌తో నడిపించే చిన్న ప్రోగ్రాములది. మైక్రోసాఫ్ట్ సైట్‌లో సెటప్‌డయాగ్ అనే ఉచిత టూల్ ఉంది, ఆగిపోయిన అప్‌గ్రేడ్ లాగ్‌లు (ఏం జరిగిందో విండోస్ రాసుకునే చిట్టాలు) చదివి ఎక్కడ తట్టుకుందో చెప్తుంది. దాని ప్రకారం మా దగ్గర అడ్డుపడింది ఆ పాత స్కానర్ డ్రైవర్. పైగా సి డ్రైవ్ నిండా ఉంది. చోటు చాలకపోతే వచ్చే కోడ్ వేరు, 0ఎక్స్80070070. ఆర్డర్లు అయ్యాక ఫైళ్ళన్నీ బయటి డిస్క్‌కి కాపీ చేసి, స్కానర్ డ్రైవర్ తీసేసి, చోటు ఖాళీ చేసి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్ఓ ఫైలు (విండోస్ 11 మొత్తం ఉండే ఒకే ఫైలు) దించుకుని అందులోంచి సెటప్ నడిపితే ఎక్కడా ఆగకుండా అయిపోయింది. ఆగకుండా పోవాలంటే నా లెక్కలో సి డ్రైవ్‌లో కనీసం 30 జీబీ ఖాళీ ఉండాలి.

ఇంకో మాట, అడగకపోయినా చెప్తాను. మన డీటీపీ షాపులవాళ్ళు అప్‌గ్రేడ్ అంటేనే భయపడటానికి కారణం 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్, యూనికోడ్ (అన్ని మెషిన్లకీ ఒకటే అక్షరాల పద్ధతి) కాని అను ఫాంట్లు. ఆ ఫాంట్ లేని మెషిన్‌లో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది. ఇన్నేళ్ళయినా ఒక్క మెషిన్ పోతే ఒక ఊరి పెళ్ళిళ్ళ కార్డులన్నీ ఆగిపోయే స్థితిలో ఉండటం నాకు నిజంగా బాధ. కొత్త ఆర్డర్లయినా యూనికోడ్‌లో చేయమని బావ వెంటపడుతూనే ఉన్నాను.

మీ విషయానికొస్తే, ల్యాప్‌టాప్ తిరిగి ఆన్ అయ్యేటప్పుడు 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగితే కంగారుపడకండి, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి లాగిన్ అయితే సాధారణంగా అక్కడ దొరుకుతుంది. విండోస్ 10కే తిరిగొచ్చేస్తే వెంటనే మళ్ళీ మొదలుపెట్టకండి. అదనపు భద్రతా అప్‌డేట్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి, ఈలోపు తీరిగ్గా ఫైళ్ళు కాపీ తీసుకోండి. ఏ కోడ్ వచ్చిందో, సి డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో కింద రాయండి, చూసి చెప్తాను.